లియాంగ్‌జూ పురానగర శిథిలాల పార్కు: డెల్టా వాళ్లు చూడవలసిన మట్టి నగరం

చైనాలో హాంగ్‌జౌ నగర శివార్లలో ఉన్న లియాంగ్‌జూ పురానగర శిథిలాల పార్కుకు వెళ్లేవారు అక్కడ గోపురాలో, రాతి స్తంభాలో కనిపిస్తాయని ఆశించకూడదు. సుమారు 5,300 ఏళ్ల కిందట మొదలై వెయ్యేళ్లపాటు వర్ధిల్లిన ఆ నగరాన్ని మట్టితో, కొయ్యతో కట్టారు కాబట్టి ఇప్పుడు పైకి కనిపించేవి పచ్చిక మొలిచిన దిబ్బలు, కాలువలు, వరిచేలు మాత్రమే. అయినా కోనసీమలో పుట్టి ఏటిగట్ల మీద తిరిగి పెరిగిన నాకు, ఇంతవరకు చూసిన పురావస్తు స్థలాలన్నింటిలోకీ ఇదే ఎక్కువగా మనసుకు పట్టింది.

గోడల లోపలి నగరం దాదాపు 300 హెక్టార్లు. ఆ గోడకున్న తొమ్మిది ద్వారాల్లో ఎనిమిది నీటి ద్వారాలే. నడిచి వచ్చేవారికి దక్షిణాన ఒక్కటే దారి. లాకుల మీదుగా పడవలు ధాన్యం మోసిన రోజుల గురించి పెద్దల నోట విన్నవారికి ఈ ఏర్పాటు చప్పున అర్థమవుతుంది. నడుమ ఉన్న మోజియావోషాన్ అనే 30 హెక్టార్ల మట్టి తిన్నె మీద రాజభవనాలు ఉండేవి. వాటిని ఊహించి తిరిగి కట్టకుండా, పునాదులు ఉన్న చోట్లను నేల మీద గుర్తులతో చూపి ఊరుకోవడం నాకు ఎంతో నచ్చింది. మన ఆదుర్రు బౌద్ధ స్తూపాన్ని చూడడానికి వెళ్లినవారికి కూడా ఇలా ఓపికగా వివరించే ఏర్పాటు ఉంటే ఎంత బాగుండునో అనిపించింది.

తిన్నెకు దక్షిణాన ఉన్న చిజోంగ్‌సి దగ్గర కాలి బొగ్గయిన ధాన్యం దొరికింది. అది రెండు లక్షల కిలోలకు దగ్గరగా ఉంటుందని పురావస్తు శాస్త్రవేత్తల అంచనా. మన 75 కిలోల బస్తాల లెక్కన సుమారు 2,600 బస్తాలు. నగరం లోపల వరిపొలాల జాడ దొరకలేదు కాబట్టి, ఆ గింజలన్నీ చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చినవేనని భావిస్తున్నారు.

అన్నిటికంటే ముఖ్యమైనవి నగరానికి వాయవ్యాన, కొండల నడుమ కట్టిన పదకొండు ఆనకట్టలు. అవి పార్కు ప్రహరీకి బయట, కొన్ని కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. లావోహులింగ్ దగ్గర ఒక కట్టను నిలువుగా కోసి చూపించారు. చిత్తడి నేల బురదను ముద్దలుగా తీసి, ఒక్కొక్క ముద్దనూ పొడవాటి గడ్డితో చుట్టి, ఒకదానిపై ఒకటి పేర్చి కట్టిన తీరు ఆ కోతలో స్పష్టంగా కనిపిస్తుంది: ముద్దకూ ముద్దకూ మధ్య సన్నటి ముదురు గీతలే ఆ గడ్డి. దాన్ని కార్బన్ పద్ధతిలో పరీక్షించే ఆనకట్టల వయసు దాదాపు 5,000 ఏళ్లని తేల్చారు. 1986 వరదల్లో రాత్రింబగళ్లు గట్టు మీద కాపలా కాసిన మా మావయ్య గారు అక్కడ చాలాసేపు నిలబడి, “ఇది మనం గండి పూడ్చే పనే కదరా అబ్బాయ్” అన్నారు. ఆ కట్టిన చేతుల ఒడుపు ఆయనకు వివరణ పలకలు చదవకముందే తెలిసిపోయింది.

ఇంత శ్రద్ధగా నీటిని అదుపు చేసిన నగరం చివరికి ఒండ్రు కింద కప్పబడిపోయింది. గుహల్లోని సున్నపు స్తంభాలను పరిశీలించిన ఒక బృందం, సుమారు 4,300 ఏళ్ల కిందట వచ్చిన అతివృష్టే కారణం కావచ్చని 2021లో ప్రకటించింది.

ఫాన్‌షాన్ రాజ సమాధులను తవ్విన చోటనే నమూనాలతో చూపించారు. జేడ్ అనే విలువైన రాతితో చేసిన వస్తువులు చూడాలంటే మాత్రం విడిగా ఉన్న లియాంగ్‌జూ మ్యూజియానికి వెళ్లాలి. ముందు అది చూసి తర్వాత పార్కులోకి వస్తే దిబ్బలు ఖాళీగా అనిపించవు. 2019లో యునెస్కో జాబితాలో చేరిన ఈ స్థలం చాలా విశాలమైనది, నీడ తక్కువ, కాబట్టి పెద్దవారితో వెళ్లేవారు లోపల తిరిగే బ్యాటరీ బండ్లనే ఎక్కాలి. సమయం చాలనివారు జేడ్‌ను వదులుకున్నా పరవాలేదు గానీ, లావోహులింగ్ కట్టకు ఒక పూట తప్పకుండా కేటాయించాలి.