పైకప్పు ఊడే క్రేట్: కావలి నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ దాకా, ఆ తర్వాతా వాడాక

కుక్కతో విదేశానికి వెళ్లేవాళ్లు దాన్ని విమానంలో పంపే పెట్టె, అంటే క్రేట్, కొనేటప్పుడు సైజు చూస్తారు, గాలి రంధ్రాలు చూస్తారు, తలుపు ఇనుపదో కాదో చూస్తారు. అవన్నీ చూడాల్సినవే, వాటి గురించి అందరూ చెబుతారు. ఇంతకాలం వాడాక నేను చెప్పాలనుకుంటున్నది మాత్రం ఒక్క విషయం. ఈ క్రేట్ పై సగం, కింది సగం విడివిడిగా ఊడొస్తాయి. మా కుక్క బుల్లోడు బెదరకుండా కావలి నుంచి జర్మనీ చేరాడంటే సగం పుణ్యం ఆ ఏర్పాటుదే. ఆ రెండు సగాలనూ పట్టి ఉంచే ప్లాస్టిక్ క్లిప్పుల మీద నా కోపం కూడా ఇంకా తగ్గలేదు.

సైజు గురించి ఒక్క మాట చెప్పి వదిలేస్తాను. బుల్లోడు మన వీధుల్లో కనిపించే నాటు రకం, చెవులు ఎప్పుడూ నిక్కబొడుచుకునే ఉంటాయి. ఎత్తు కొలిచేటప్పుడు చెవి కొన తలకంటే పైకి ఉంటే అక్కడి దాకా కొలవాలని విమాన సంస్థల అంతర్జాతీయ సంఘం ఐయాటా నియమం. లాబ్రడార్ లాంటి వాలు చెవుల కుక్కకు తల దాకా చాలు. మావాడికి ఆ చెవుల వల్లే ఒక సైజు పెద్దది తీసుకోవాల్సి వచ్చింది, ధరా పెరిగింది. దుకాణంలో నోటి లెక్కన చెప్పే సైజు నమ్మకుండా టేపు పెట్టి మీరే కొలుచుకోండి.

ఇక అసలు సంగతి. మా ఆయనకు ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉద్యోగం వచ్చి ముందు వెళ్లిపోయారు. నేనూ బుల్లోడూ కావలిలో అమ్మావాళ్లింట్లో ఆగాం. ఆగక తప్పదు మరి. రేబిస్ విషయంలో ఫరవాలేదని యూరోపియన్ యూనియన్ (ఈయూ) ఒప్పుకున్న దేశాల జాబితాలో మన దేశం లేదు. అలాంటి దేశం నుంచి వచ్చే కుక్కకు ముందు గుర్తింపు కోసం ఒంట్లో మైక్రోచిప్ వేయించాలి, ఆ తర్వాతే రేబిస్ టీకా. చిప్ కంటే ముందు వేసిన టీకా లెక్కలోకి రాదు. టీకా అయిన 30 రోజులకు గానీ రక్తం తీయకూడదు. ఆ రక్తాన్ని ఈయూ ఆమోదించిన ల్యాబ్‌లోనే పరీక్షించాలి, టీకా వల్ల పుట్టే రక్షక కణాలు, అంటే యాంటీబాడీలు, మిల్లీలీటరుకు 0.5 ఐయూ (ఇంటర్నేషనల్ యూనిట్) కి తగ్గకుండా ఉండాలి. రిపోర్టు బాగున్నా రక్తం తీసిన రోజు నుంచి మూడు నెలలు గడిస్తేనే గడప దాటనిస్తారు. నెల్లూరులో బుల్లోణ్ణి చూపించే పశువుల డాక్టరు ఈ వరస మొదట్లోనే కాయితం మీద రాసిచ్చారు. ఆయనకు ఎంత రుణపడి ఉన్నానో చెప్పలేను.

ఆ మూడు నెలల ఎదురుచూపే క్రేట్‌కు కలిసొచ్చింది. ఇంటికి తేగానే పై సగం తీసి పక్కన పెట్టాం. కింది సగం ఒక్కటే ఉంటే అది లోతు తక్కువ తొట్టిలా కనిపిస్తుంది, అందులో భయపడాల్సింది ఏమీ లేదు. వసారాలో బుల్లోడు రోజూ పడుకునే చోటే గచ్చు మీద పెట్టి, అమ్మ తన పాత నేతచీర మడిచి పరిచింది. మొదట్లో వాసన చూసి వెళ్లిపోయేవాడు. అన్నం గిన్నె దాని పక్కన పెట్టాం, తర్వాత అంచు దగ్గర, ఆ తర్వాత లోపల. వాణ్ణి పట్టుకుని ఎవరం లోపలికి నెట్టలేదు. తలుపూ కప్పూ లేనప్పుడు తనని మూసేస్తారన్న అనుమానం కుక్కకు ఎక్కణ్ణుంచి వస్తుంది? కొన్నాళ్లకు మధ్యాహ్నం నిద్ర అందులోనే మొదలైంది. అప్పుడు తలుపు లేకుండా పై సగం పెట్టాం. అదీ అలవాటయ్యాక తలుపు బిగించి తీసే ఉంచాం. చివరికి అన్నం తినేంతసేపు మూశాం, ఆ తర్వాత రాత్రంతా.

చెక్కపెట్టె చేయించుకోమని సలహా ఇచ్చినవాళ్లు ఉన్నారు. గట్టిదనంలో చెక్కకు తిరుగులేదు. కానీ అది మొదటి రోజు నుంచీ నాలుగు గోడలూ కప్పూ ఉన్న పెట్టే. ఇలా మెట్టుమెట్టుగా ఎక్కించే వీలు అందులో లేదు.

ఎదురింటి పెద్దమ్మ చూసినప్పుడల్లా, "ఒక నిద్రమాత్ర ఏస్తే సరిపోద్ది గదమ్మా, ఇన్ని నెలలు ఈ తిప్పలేంది?" అనేది. ప్రేమ కొద్దీ అన్నమాటే, చాలామంది అనుకునేదే. విమానంలో కుక్కకు మత్తుమందు ఇవ్వడం డాక్టర్లు వద్దంటారు. ఊపిరి, రక్తపోటు, ఒంటి నిలకడ అన్నీ దెబ్బతింటాయి, కింద సామాన్ల గదిలో వాణ్ణి కనిపెట్టుకుని ఉండే మనిషి ఉండరు. మత్తులో ఉన్నట్టు కనిపిస్తే ఎక్కించుకోబోమనే విమాన సంస్థలు చాలా ఉన్నాయి. మాత్ర చేస్తుందనుకునే పని అలవాటుతోనే చేయించాలి. అందుకే ఊడే పైకప్పును నేను అంతగా మెచ్చుకుంటున్నాను.

ఇప్పుడు క్లిప్పుల సంగతి.

కావలి ఎండలు తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. రోహిణి కార్తెలో పగటిపూట కప్పు పెట్టి ఉంచితే వసారాలో కూడా లోపల ఉక్కపోసేది. అందుకని పొద్దున కప్పు తీసేవాళ్లం, రాత్రికి పెట్టేవాళ్లం. ఊడేలా చేసిన వస్తువే కదా. చుట్టూ ఉన్న క్లిప్పులు మొదట్లో టక్కున పడేవి. కొన్ని వారాలకు వాటి మడత దగ్గర తెల్లగా గీత కనిపించింది. ప్లాస్టిక్ అలసిపోతోందని అప్పుడే అమ్మినవాళ్లకు ఫోన్ చేసి చెప్పాను. "అలాంటిదేం లేదు మేడమ్, వాడకంలో అలాగే ఉంటుంది" అన్నారు.

ప్రయాణానికి ముందు చెన్నై పళ్ళికరణైలో ఉన్న కేంద్ర ప్రభుత్వ జంతు క్వారంటైన్ కార్యాలయానికి బుల్లోణ్ణి తీసుకెళ్లాం. ఆరోగ్య సర్టిఫికెట్ అక్కడే ఇస్తారు, యూరప్‌లో దిగేనాటికి అది ఇచ్చి పది రోజులు దాటకూడదు. అక్కడ పైకప్పు తీసే ఏర్పాటు ఇంకోసారి మనసు దోచింది. కొత్త చోటు, కొత్త మనుషులు, పక్క కుక్కల అరుపులు. మావాణ్ణి బయటికి లాగాల్సిన పనే రాలేదు. కప్పు ఎత్తేశాం, తన చీర మీద తను కూర్చునే ఉన్నాడు, డాక్టరుగారు చిప్ స్కాన్ చేసి, కళ్లూ పళ్లూ చూసి, ఒళ్లు తడిమి పంపేశారు.

విమానానికి ఇంకా వ్యవధి ఉంది. కుక్కతో చెన్నైలో గది దొరకడం కష్టమని తిరిగి కావలి వచ్చేశాం. ఇంటి ముందు కారు ఆపి, బుల్లోణ్ణి ముందే దింపేసి, క్రేట్ తీద్దామని పైన ఉన్న పిడి పట్టుకుని ఎత్తాను. పై సగం నా చేతికొచ్చింది. కింది సగం కారులోనే ఉండిపోయింది. ఒక పక్క క్లిప్పులన్నీ ఆ తెల్లగీత దగ్గరే పుటుక్కుమన్నాయి.

ఆ క్షణంలో నాకు ఖాళీ క్రేట్ కనిపించలేదు. చెన్నై విమానాశ్రయంలో ఎవరో మనిషి బుల్లోడు లోపల ఉండగా దాన్ని ఎత్తుతున్నట్టు, వాడు రన్‌వే మీద పరుగెత్తుతున్నట్టు కనిపించింది. కాళ్లు వణికాయి. అమ్మినవాళ్లకు ఫోన్ చేస్తే కొత్త క్లిప్పులు రావడానికి వారం పడుతుందన్నారు. వారం ఆగితే సర్టిఫికెట్ గడువు అయిపోతుంది, టికెట్ పోతుంది. ఊడదీసుకోవచ్చని చెప్పి అమ్మే వస్తువుకు ఊడదీస్తే విరిగే క్లిప్పులు పెట్టడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఈ క్రేట్ అంచుల్లో చుట్టూ బోల్టు రంధ్రాలు ఉన్నాయి. పెట్టెతో పాటు ఇచ్చిన బోల్టులూ రెక్కల నట్లూ కూడా ప్లాస్టిక్‌వే. విమాన సంస్థలు చాలావరకు ఇనుప బోల్టులు అడుగుతాయి కాబట్టి అవి ఎలాగూ కొనాలి. తమ్ముడు రెండు సగాలనూ ఆటోలో వేసుకుని, ఊళ్లో రొయ్యల గుంటలకు సామాను అమ్మే హార్డ్‌వేర్ షాపుకి తీసుకెళ్లాడు, నేనూ వెళ్లాను. మామూలు షాపుకే వెళ్లి ఉంటే మామూలు ఇనుప బోల్టులే దొరికేవి. గుంటల్లో నీళ్లను చిలికే ఏరేటర్లకు ఉప్పునీళ్లలో తుప్పు పట్టని స్టెయిన్‌లెస్ బోల్టులు వాడతారు. పగలూ రాత్రీ తిరిగే మోటారు అదురుకు వదులవకుండా లోపల నైలాన్ రింగు ఉండే నట్లు వేస్తారు. అవి అక్కడ కిలోల లెక్కన ఉంటాయి.

"ఏందమ్మా ఇది, కోళ్ల పెట్టా?" అని అడిగాడు షాపు పెద్దాయన. కుక్కను జర్మనీ తీసుకెళ్తున్నానని చెప్పాను. ఆయన నవ్వలేదు. లేచి వచ్చి కింద కూర్చుని, అంచు చుట్టూ వేలితో తడిమి చూశాడు. "విమానం అదురుద్ది గదా. మామూలు నట్టు పెట్టబాక, ఊడొస్తది" అన్నాడు. ఒక్కో రంధ్రానికీ బోల్టు, పైనా కిందా వెడల్పు వాషరు, నైలాన్ నట్టు. వాషరు చిన్నదైతే బిగించేకొద్దీ ప్లాస్టిక్ నొక్కుకుపోయి చీలుతుందట, అందుకని ఏరి పెద్దవి తీశాడు. బయటికి పొడుచుకొచ్చిన బోల్టు కొసను హాక్సా బ్లేడుతో కోసి, ఎత్తేవాళ్ల చేతులు గీసుకోకుండా ఆకురాయితో నున్నగా రుద్దాడు. అన్నీ బిగించాక తమ్ముడితో పిడి పట్టించి, తను కింది సగం పట్టుకుని గుంజాడు. కదల్లేదు. సామానుకు తీసుకున్నాడు గానీ పనికి డబ్బు తీసుకోలేదు. విదేశానికి కుక్కను పంపించే ఖర్చుల్లో నేను పెట్టిన అతి తక్కువ మొత్తం అదే, నాకు నిద్ర పట్టించిందీ అదే.

చెన్నైలో చెకిన్ దగ్గర ఆయన చేతిపని విలువ తెలిసింది. అక్కడి ఉద్యోగి అన్ని మూలలా పట్టుకుని ఊపి, ప్రతి బోల్టూ వేలితో తాకి చూశాడు. మా పక్కనే ఇంకో కుటుంబం క్రేట్‌కు ప్లాస్టిక్ నట్లు ఉన్నాయని ఆపేశారు, పాపం వాళ్లు అర్ధరాత్రి బోల్టుల కోసం పరుగెత్తారు. భద్రతా తనిఖీకి బుల్లోణ్ణి బయటికి తీసి ఖాళీ క్రేట్ స్కాన్ చేశారు. తిరిగి పెట్టినప్పుడు తలుపు తీసి ఉంది, చీర లోపల ఉంది, వాడంతట వాడే వెళ్లి పడుకున్నాడు. మూడు నెలలు వసారాలో చేసిందంతా ఆ నిమిషం కోసమే.

ఫ్రాంక్‌ఫర్ట్‌లో చిప్, కాయితాలు చూసి పంపేశారు. ఇంటికొచ్చాక మాత్రం బయటికి రానన్నాడు. తలుపు తీసినా, పెరుగన్నం పెట్టినా కదల్లేదు. మా ఆయన సూట్‌కేసులోంచి స్పానర్ తీసి బోల్టులన్నీ విప్పి కప్పు ఎత్తేశారు. తన పడక తనకు తెలిసిన రూపంలో కనిపించేసరికి కాసేపు ఆగి లేచి గది వాసన చూడ్డం మొదలుపెట్టాడు.

ఇంత మెచ్చుకున్నాక ఇదీ చెప్పాలి. నైలాన్ నట్లు వేశాక పైకప్పు చిటికెలో తీసే వస్తువు కాకుండా పోయింది. ఒక్కో నట్టూ చివరిదాకా స్పానర్‌తోనే తిప్పాలి. పళ్ళికరణైలో తీసినట్టు ఇంకెక్కడా తీయలేం. అలవాటు చేయడానికి క్లిప్పులు కావాలి, ప్రయాణానికి బోల్టులు కావాలి. ఒకే రోజు రెండు సుఖాలూ దొరకవు. కడగడం తేలికన్నది కూడా సగమే నిజం. రెండు సగాలూ కలిసే గాడిలో వెంట్రుకలూ నీళ్లూ చేరతాయి, పాత బ్రష్షుతో గీకకపోతే వాసన వస్తుంది. ఇంట్లో చోటు కూడా బాగానే తింటుంది. పై సగాన్ని తిరగేసి కింది సగంలో ఇమిడ్చి పెట్టొచ్చు, అయినా పెద్దదే. ఇక్కడ రైల్లో పెద్ద కుక్కకు టికెట్ కొని, గొలుసూ మూతికి చిక్కమూ పెట్టి పక్కన కూర్చోబెట్టుకుంటాం, క్రేట్‌తో పనిలేదు. ఇప్పుడు అది పడక మాత్రమే. చలికాలంలో బోల్టులు లేకుండా కప్పు ఊరికే పైన ఆనిస్తాం, మావాడికి గుహలా వెచ్చగా ఉంటుంది కాబట్టి అదే ఇష్టం.

మీకు కొనమని చెప్పాలా? నాకు వసారా ఉన్న ఇల్లు ఉంది, ఓపికగా చూసుకునే అమ్మ ఉంది, ఈయూ నియమం వల్ల దొరికిన నెలలు ఉన్నాయి, కావలిలో ఆ షాపు ఉంది. ఇవి లేకుండా రెండు వారాల్లో ప్రయాణం పెట్టుకున్నవాళ్లకు ఊడే పైకప్పు పెద్దగా పనికిరాదు, గట్టి క్రేట్ ఏదైనా ఒకటే. దేన్నైనా కొరికేసే కుక్కకు అసలు ప్లాస్టిక్కే వద్దు. సమయం ఉండి, బెదురు కుక్క ఉన్నవాళ్లు మాత్రం ఇలాంటిదే చూడండి. కొనేముందు అంచు చుట్టూ బోల్టు రంధ్రాలు ఉన్నాయో లేదో వేలు పెట్టి చూసుకోండి. అవి లేని రకాలూ అమ్ముతున్నారు. నా క్రేట్‌కు ఆ రంధ్రాలు లేకపోతే ఆ షాపులో ఎంత మంచి బోల్టు ఉన్నా బుల్లోడు ఆ విమానం ఎక్కేవాడు కాదు.