అనంతపురంలో మా జీతాల లెక్కలు చూస్తున్న కన్సల్టెంట్ మేడమ్ గురించి

తాడిపత్రిలో మాది చిన్న బండల పాలిష్ ఫ్యాక్టరీ. పనిచేసేది 14 మంది. మెషీన్లు, లోడింగ్ మా ఆయన చూసుకుంటారు, జీతాలు నేను చూస్తాను. మాలాంటి యూనిట్లు నడిపేవాళ్లకు పనికొస్తుందని, సప్తగిరి సర్కిల్ దగ్గర పీఎఫ్, ఈఎస్ఐ (పనివాళ్ల ఆరోగ్య బీమా) పనులు చేసే మేడమ్ గురించి రాస్తున్నాను.

2024 సెప్టెంబర్‌లో మా ఆపరేటర్ ఆగస్టు స్లిప్పు పట్టుకొచ్చి, "అక్కా, ఓటీ దుడ్లు సగమే పడినాయి" అన్నాడు. అతని జీతం 22,100. 26 రోజులకు లెక్కేస్తే రోజుకు 850. ఫ్యాక్టరీలో ఓటీకి, అంటే అదనపు గంటల పనికి, రెట్టింపు ఇవ్వాలి కాబట్టి 16 గంటలకు 3,400 రావాలి. నెలనెలా మాకు షీట్ చేసి పంపే పాత ఏజెంటు మామూలు రేటు వేసి 1,700 చూపించాడు. ఫోన్ చేస్తే, "వచ్చే నెల జీతంలో కలిపేద్దాం లెండి" అన్నాడు. నాకు నచ్చలేదు. ఆపరేటర్‌ను వెంటబెట్టుకుని అనంతపురం పోయాను.

మేడమ్ స్లిప్పు చూడగానే, "ఈఎస్ఐ గడి ఖాళీగా ఉందేం?" అని అడిగారు. జులైలో అతని జీతం 20,800 నుంచి పెంచాం. ఈఎస్ఐకి జీతం పరిమితి 21,000 దాటింది కదా అని ఏజెంటు చందా ఆపేశాడు. అలా మధ్యలో ఆపకూడదు. ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా ఒక విడత, అక్టోబర్ నుంచి మార్చి దాకా ఇంకొకటి. మధ్యలో జీతం పెరిగినా విడత ముగిసేదాకా మొత్తం జీతం మీద కట్టాల్సిందే. జబ్బుచేసి సెలవు పెట్టినప్పుడు ఈఎస్ఐ ఇచ్చే డబ్బుకు ఒక విడతలో కనీసం 78 రోజుల చందా ఉండాలి. మన కాగితంలో తప్పుంటే అక్కడ దెబ్బతినేది పనివాడే.

జులైకి అతని వాటా 166, మా వాటా 719. "పాత నెలల వాటా ఇప్పుడు ఇతని జీతంలో కోయడానికి లేదమ్మా. రెండూ మీరే కట్టాలి, ఆలస్యానికి ఏడాదికి 12 శాతం వడ్డీ కూడా" అని మొహమాటం లేకుండా చెప్పారు. ఆగస్టుకు ఓటీని కూడా కలిపి లెక్కేశారు.

ఆమెలో నాకు బాగా నచ్చింది ఆ తర్వాత చేసిన పని. క్యాలిక్యులేటర్ ఆపరేటర్ వైపు తిప్పి, "అన్నా, నువ్వే కొట్టు" అన్నారు. అతను 850ని ఎనిమిదితో భాగించి, రెండుతో, తర్వాత 16తో గుణించాడు. 3,400 కనిపించాక తలెత్తి నావైపు చూశాడు. బకాయిని కొత్త జీతంలో కలిపేయకుండా, 'ఆగస్టు ఓటీ బకాయి 1,700' అని స్లిప్పులో వేరే వరుసగా తెలుగులో వేయించారు. రేపు ఎవరు అడిగినా ఆ డబ్బు దేనిదో తెలుస్తుంది.

16,000 జీతమున్న హెల్పర్‌కు వృత్తి పన్ను 200 కోస్తున్నారని కూడా ఆమే పట్టుకున్నారు. మన రాష్ట్రంలో 20,000 లోపు వాళ్లకు 150 మాత్రమే, 15,000 దాకా అసలు లేదు.

లోపాలూ ఉన్నాయి. 10 నుంచి 15వ తేదీ దాకా చలానాల హడావుడిలో ఫోన్ ఎత్తరు. మిగతా స్లిప్పంతా ఇంకా ఇంగ్లీషులోనే వస్తోంది, మార్చమని అడుగుతూనే ఉన్నాను. నెలకు 1,500 ఫీజు మాలాంటి వాళ్లకు కొంచెం ఎక్కువే, అయినా ఇస్తున్నాను.

వెళ్లేవాళ్లు 16 తర్వాత వెళ్లండి. హాజరు పట్టీ, పాత స్లిప్పులు, చలానాలు వెంట తీసుకెళ్లండి. నోటిమాట మీద ఆమె లెక్క మొదలుపెట్టరు.