బుడాపెస్ట్‌లో పాత స్టాంపులు: సంతలో వద్దు, కొట్టుకు వెళ్లండి

బుడాపెస్ట్‌లో పాత వస్తువులు అమ్మే ఎచెరి సంతలోని ఒక స్టాంపుల వ్యాపారి మీద నాకు ఇంకా కోపం తగ్గలేదు. అందుకే అతని సంగతే ముందు రాస్తున్నాను.

బోరారోష్ కూడలిలో 54 నంబరు బస్సెక్కితే సంత దగ్గర దిగొచ్చు. శనివారం పొద్దున్నే వెళ్లడం మేలు. ఆ చలికి మా ఆయన జేబుల్లోంచి చేతులు తీస్తే ఒట్టు.

వ్యాపారి కవర్లోంచి ఎర్రటి 10 ఫిల్లేర్ (అప్పటి హంగేరీ చిల్లర నాణెం) స్టాంపు తీశాడు. దాని మీద పంట కోస్తున్న రైతుల బొమ్మ ఉంది, 1916లో మొదలైన సిరీస్. బొమ్మ మీద కోడిగుడ్డు ఆకారంలో నీలం ముద్ర. 1919లో రొమేనియా ఆక్రమణలో ఉన్న డెబ్రెత్సెన్‌లో హంగేరీ స్టాంపుల మీద ఇలాంటి ముద్రలు కొట్టారు. ధర 18,000 ఫోరింట్లట, మన డబ్బులో నాలుగు వేల పైమాటే.

లెన్సు పెట్టి చూశాను. స్టాంపు వాడేసినట్టు గుర్తుగా పోస్టాఫీసు వాళ్లు కొట్టే నల్ల సీలు మీదుగా నీలం గీత ఎక్కడా తెగకుండా వెళ్లిపోయింది. అంటే సీలు ముందు పడింది, ముద్ర తర్వాత కొట్టారు. అసలుదైతే ఇలా ఉండదు. ముద్ర ఉన్న స్టాంపునే జనం కొని ఉత్తరానికి అంటిస్తారు, సీలు ఆ తర్వాతే పడుతుంది. పైగా సీలులో 917 అని స్పష్టంగా కనిపిస్తోంది. అప్పటి హంగేరీ సీళ్లలో ఏడాదిని మూడంకెల్లో వేసేవారు, దాని తర్వాత నెల, తేదీ. 1917లో వాడేసిన స్టాంపు మీదికి 1919 నాటి ముద్ర ఎలా వచ్చింది?

అదే అడిగాను. నా చేతిలోంచి స్టాంపు లాక్కుని, "లెన్సు పెట్టేవాళ్లకి అమ్మను" అన్నాడు. మేము అక్కడ ఉండగానే ఇంకో టూరిస్టు జంటకు అదే కవరు చూపించడం మొదలుపెట్టాడు. ఒళ్లు మండిపోయింది. "పోనీలే, నీ డబ్బులైతే పోలేదుగా" అన్నారు మా ఆయన. నా డబ్బులు పోలేదు సరే, వాళ్ల సంగతేమిటి?

అదే టేబుల్ మీద, అంచు చుట్టూ మామూలుగా ఉండే రంపపు పళ్లు లేని రంగురంగుల స్టాంపులు కూడా ఉన్నాయి. అచ్చులో జరిగిన పొరపాటని చెప్పి ఒక్కోటి 6,000 అడుగుతున్నాడు. అది పొరపాటేమీ కాదు. 1992 వరకు హంగేరీ పోస్టల్ శాఖే చాలా సిరీస్‌లను కొద్ది సంఖ్యలో ఇలా పళ్లు లేకుండా, కావాలనే విడుదల చేసేది. వాటికి విలువ ఉంది, కానీ పొరపాటుకు పలికే ధర పెట్టకండి. పళ్లు కత్తిరించేసి అమ్మేవాళ్లూ ఉంటారు కాబట్టి నాలుగు వైపులా అంచు వెడల్పు చూసుకోండి.

బస అంతంతమాత్రం. రాత్రికి 24,000 అని చెప్పి, దిగాక శుభ్రం చేసినందుకు ఇంకో 12,000 గుంజారు. బుక్ చేసేముందే ఆ లెక్క అడగండి.

సోమవారం నగరం మధ్యలో ఒక ఇరుకు స్టాంపుల కొట్టుకు వెళ్లాం. ఈ యాత్రలో నాకు దక్కిన గొప్ప సంతోషం ఆ కొట్టే. అక్కడి పెద్దాయన మమ్మల్ని కూర్చోబెట్టి, లెన్సు, దీపం నా ముందు పెట్టి, 1871 నాటి 15 క్రయ్‌త్సార్ (అప్పటి చిల్లర నాణెం) గోధుమరంగు స్టాంపులు రెండు పక్కపక్కన ఉంచారు. రెండిటి మీదా అప్పటి రాజు ఫ్రాంజ్ జోసెఫ్ బొమ్మే. హంగేరీ సొంత బొమ్మతో వేసిన ఆ స్టాంపులు మొదట రాతి అచ్చులో వచ్చాయి, అదే ఏడాది చెక్కిన పలకలతో మళ్లీ వేశారు. రాతి అచ్చులో గడ్డం గీతలు అలుక్కుపోయి, సిరా కాగితంలో కలిసిపోయినట్టు ఉంది. రెండోదాన్ని దీపం కింద కాస్త వంచితే సిరా గీతలు పైకి లేచి కనిపించాయి. మొదటి రకం అరుదు, అందుకే రెండోదాన్ని మొదటిదని అంటగట్టే మోసం జరుగుతుందని చెప్పారు. "తొందరేం లేదు, మళ్లీ చూడండి" అని రెండుసార్లు అన్నారు. విసుక్కుంటారనుకున్న మా ఆయన లెన్సు నా చేతికి ఇవ్వనే లేదు!

చివరికి నేను కొన్నవి 1946 నాటివి, అయిదు స్టాంపులు 1,500 ఫోరింట్లు. ధరలు పూటపూటకూ పెరిగిపోతుంటే స్టాంపు మీద విలువ వేసి లాభం లేక, ఏ సేవకు చెల్లుతుందో దాని పొట్టి అక్షరాలు కొట్టేశారు. ఊళ్లో ఉత్తరానికి ఒకటి, పై ఊరి ఉత్తరానికి ఒకటి, రిజిస్టరుకు ఇంకొకటి. వీటిని తక్కువ ధరకు కొనుక్కోవచ్చు. 1919 ముద్రల జోలికి మాత్రం ఫొటోతో ఉన్న నిపుణుల సర్టిఫికెట్ చూడకుండా వెళ్లకండి. స్టాంపు వెనక నిపుణుడి చిన్న సంతకం ముద్ర ఉంది కదా అంటారు, అదీ నకిలీ కావచ్చు.