ఇంట్లో చేసుకున్న డ్యూప్లెక్సర్: ఏళ్ల తరబడి వాడాక

మా రిపీటర్, అంటే దూరపు స్టేషన్ల మాటని అందుకుని మళ్లీ పంపే రేడియో, 145.150 మెగాహెర్ట్జ్‌లో విని 145.750లో పంపుతుంది. మధ్య తేడా 600 కిలోహెర్ట్జ్ మాత్రమే. ఒకే యాంటెన్నా మీద 25 వాట్లు పంపుతూ, అదే క్షణంలో మైక్రోవోల్టులో పావు వంతు ఉన్న సిగ్నల్‌ని వినాలంటే రెంటి మధ్య 80 డెసిబెల్స్‌కి తగ్గని ఐసొలేషన్ కావాలి, అంటే పంపేది వినే వైపు చొరబడకూడదు. ఆ పని చేసే ఫిల్టర్ల సెట్టే డ్యూప్లెక్సర్. చవగ్గా దొరికే చిన్న డ్యూప్లెక్సర్లు చూసి చాలామంది హ్యామ్‌లు (అమెచ్యూర్ రేడియో వాళ్లు) ఆశపడతారు. అవి మామూలుగా 5 మెగాహెర్ట్జ్, అంతకు మించిన తేడాకి చేసినవి. మాలాంటి రెండు మీటర్ల తరంగదైర్ఘ్యపు రిపీటర్‌కి అక్కరకు రావు.

మాది ఆరు క్యావిటీల (ఒక్కో ఫ్రీక్వెన్సీకి ట్యూన్ చేసే లోహపు గొట్టాల) సెట్, పంపే వైపు మూడు, వినే వైపు మూడు. బయట 100 మిల్లీమీటర్ల అల్యూమినియం గొట్టం, లోపల 28 మిల్లీమీటర్ల రాగి పైపు. ఈ 3.6 నిష్పత్తి దగ్గరే నష్టం అతి తక్కువ. పావు తరంగం అర మీటరు పైచిలుకు కాబట్టి ఎత్తు తగ్గించలేం. అయినా రెండు వరసల్లో నిలబెడితే ఆరూ బీరువా అడుగు అరలో సర్దుకుంటాయి. ఒక్కో క్యావిటీకి 28 డెసిబెల్స్ దాకా నాచ్ (అక్కర్లేని ఫ్రీక్వెన్సీని అణిచే లోతు) వచ్చింది. ఆరూ కలిపాక కొలుద్దామంటే ఫిల్టర్లను కొలిచే చిన్న పరికరం నానోవీఎన్ఏకి అంత లోతు అందదు, అందుకే ఒక్కోదాన్నీ విడిగా ట్యూన్ చేయాలి. 25 వాట్లు ఇస్తే 18 బయటికి వస్తున్నాయి. ట్రాన్స్‌మిటర్ ఆన్ అయినా దూరపు స్టేషన్ మాట మసకబారదు. అది వింటుంటే ఇప్పటికీ సంతోషంగానే ఉంటుంది.

అసలు పరీక్ష మాత్రం ఎండాకాలమే. రాగి డిగ్రీకి పది లక్షల్లో 17 వంతులు సాగుతుంది. తెల్లవారుజామున 25, మధ్యాహ్నం రేకుల షెడ్డులో 45 డిగ్రీలు ఉంటే నాచ్ దాదాపు 50 కిలోహెర్ట్జ్ కిందికి జారుతుంది. మధ్యాహ్నం రెండింటికల్లా బలహీనమైన స్టేషన్లలో గరగర మొదలయ్యేది. క్యావిటీల చుట్టూ మందపాటి థర్మాకోల్ పెట్టె కట్టి, 35 డిగ్రీల దగ్గర ట్యూన్ చేశాక ఆ టెన్షన్ చాలావరకు తీరింది.

రెండో చిక్కు సముద్రపు గాలి. అల్యూమినియం గొట్టం, ఇత్తడి మూత కలిసేచోట వానలు వెళ్లేసరికి తెల్లటి పొడి పేరుకుంటుంది. కరెంటు అత్యధికంగా పారేది సరిగ్గా మూతతో షార్ట్ చేసిన ఆ చివరలోనే, కాబట్టి నాచ్ లోతు అక్కడే పోతుంది. ఏటా విప్పి, గీకి, అల్యూమినియం జాయింట్లకు వాడే పేస్టు రాసి బిగిస్తున్నాం. సముద్రానికి దగ్గర్లో ఉన్నవాళ్లు ఖర్చయినా మొత్తం రాగితోనే చేసుకోండి.

క్యావిటీల మధ్య కేబుళ్లు డబుల్ షీల్డువే (రెండు పొరల లోహపు అల్లిక ఉన్నవే) ఉండాలి. మేం ఆర్‌జీ-142 వాడాం. ఆర్‌జీ-58 అల్లికలోంచి సిగ్నల్ లీకవుతుంది, ఇంత కష్టపడి తెచ్చుకున్న ఐసొలేషన్ దాంతోనే పోతుంది.

25 వాట్ల వరకు దీన్ని ధైర్యంగా సిఫారసు చేస్తాను. 50 వాట్లకి మాత్రం చెరో వైపు ఇంకో క్యావిటీ చేర్చందే పెట్టను.