లైనక్స్ మింట్‌లో టచ్‌ప్యాడ్ సెన్సిటివిటీ: రోజంతా తెలుగు టైపింగ్ చేసేటోని రివ్యూ

నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర మాది డీటీపీ షాపు, సేల్ డీడ్లు, అగ్రిమెంట్లు, అఫిడవిట్లు, సీజన్‌ల పెండ్లి కార్డులు, పొద్దుగాల కూసుంటే రాత్రిదాక ల్యాప్‌టాప్ మీదనే పని. విండోస్ లెక్క ల్యాప్‌టాప్‌ను నడిపే లైనక్స్ మింట్, అండ్ల సినమన్ అనే డెస్క్‌టాప్, ఏండ్ల సంది వాడుతున్న. దీంట్ల టచ్‌ప్యాడ్‌ను నడిపేది లిబ్‌ఇన్‌పుట్ అనే డ్రైవర్. నా మాటైతే మంచి డ్రైవరే, పాయింటర్ సాఫీగ పోతది, రెండు వేళ్ల స్క్రోల్ మంచిగుంటది, కానీ సెట్టింగ్స్‌ల ఉన్న స్పీడ్ స్లైడర్ ఒక్కటి అటూ ఇటూ జరిపితే సమస్య పోతదనుకుంటే మాత్రం పోదు.

ఎందుకంటే స్పీడ్ వేరు, వేలు ఎంత ఒత్తితే టచ్ కింద లెక్క అన్నది వేరు, అరచెయ్యి తగిలితే పట్టించుకోవద్దు అన్నది ఇంకా వేరు. స్లైడర్ మార్చేది మొదటిదాన్నే, మైనస్ 1 నుంచి 1 దాక. నాకు ఇబ్బంది వచ్చింది మూడోదానితోని. ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డ్ లేఅవుట్‌ల టకటకా కొడుతుంటే బొటనవేలు కింది మెత్త భాగం ప్యాడ్‌కు తగుల్తది, కర్సర్ ఎగిరి పై లైన్ల పడ్తది, "ఎ.2-15 గుంటలు" అని హద్దుల దగ్గర రావాల్సింది పోయి అమ్మేటాయన తండ్రి పేరు నడుమ కూసుంటది. పెండ్లి కార్డుల తప్పు పోతే మల్లా ప్రింట్ తీస్తం, రిజిస్ట్రేషన్ కాయితంల సర్వే నెంబర్ పక్కన అక్షరం మారితే ఆ రైతు ఎన్ని ఆఫీసులు తిరగాలె? అందుకే నేను దీని వెంట పడ్డ.

లిబ్‌ఇన్‌పుట్-టూల్స్ ప్యాకేజీ ఎక్కించుకొని టెర్మినల్‌ల, అంటే కమాండ్‌లు కొట్టే విండోల, "సుడో లిబ్‌ఇన్‌పుట్ మెజర్ టచ్‌ప్యాడ్-ప్రెజర్" కొట్టాలె. అప్పుడు వేలు పెట్టి తీసినప్పుడల్లా ఒక లైన్ వస్తది, ఆ టచ్‌ల ఒత్తిడి ఎంత తక్కువ, ఎంత ఎక్కువ అని అంకెలు కనపడ్తయి. మామూలుగ వేలితోని, తర్వాత గోరు అంచుతోని, తర్వాత టైప్ చేసేటప్పుడు ఆనేటట్టే అరచెయ్యి ఆనిచ్చి చూడాలె. నా ప్యాడ్‌ల వేలుకు 40, 60 నడుమ వచ్చింది, అరచేతికి వంద దాటింది. ఇది దాటితే అరచెయ్యే అని లెక్కగట్టే డిఫాల్ట్ పామ్ హద్దు 130, అంటే 110 ఒత్తిడితోని ఆనిన అరచెయ్యి కూడా దానికి వేలే అన్నట్టు. సిస్టమ్ సెట్టింగ్స్ ఉండే ఈటీసీ ఫోల్డర్ల లిబ్‌ఇన్‌పుట్ అనే ఫోల్డర్ ఉంటది, లేకుంటే చేసుకోవాలె, అండ్ల "లోకల్-ఓవర్‌రైడ్స్ డాట్ క్విర్క్స్" అనే ఫైల్ పెట్టి మన టచ్‌ప్యాడ్ పేరు రాసి పామ్ ప్రెజర్ థ్రెషోల్డ్ 95 ఇచ్చిన, ప్రెజర్ రేంజ్ 12:9 ఇచ్చిన, అంటే 12 దాటితే టచ్ మొదలు, 9 కింద పడితే అయిపోయినట్టు. లాగౌట్ అయి లాగిన్ అయితే చాలు. అప్పటి సంది కర్సర్ ఎగురుడు దాదాపు బందయింది. ఈ అంకెలు నా ప్యాడ్‌వి, మీయి మీరే కొలుసుకోండి, ఇంకొకటి, కొత్త ల్యాప్‌టాప్‌ల కొన్ని టచ్‌ప్యాడ్‌లు ఒత్తిడి అంకె పంపనే పంపవు, వాటికి ఈ పద్ధతి పనికిరాదు.

టైపింగ్ టైమ్‌ల టచ్‌ప్యాడ్ బంద్ అనే ఆప్షన్ కూడా ఆన్‌లనే పెట్టుకోండి, కానీ అది ల్యాప్‌టాప్ సొంత కీబోర్డ్ కొడితేనే పనిచేస్తది, యూఎస్‌బీ కీబోర్డ్ తగిలిస్తే దాన్ని లెక్కల తీసుకోదు. చానామందికి ఇది తెల్వక ఆప్షన్ పనిచేస్తలేదంటరు.

ఇగ మన దిక్కు ముచ్చట. చార్జర్ పెట్టినప్పుడే పాయింటర్ వణుకుతుందా, వేలు పెట్టకున్నా క్లిక్ అవుతుందా? చార్జర్ పీకి బ్యాటరీ మీద చూడండి, సాఫీగ పోతే లైనక్స్‌ను అనొద్దు, ఎర్తింగ్ చూసుకోండి. మూడు పిన్నుల సాకెట్ ఉంటది గాని మూడో రంధ్రం ఎనక వైరే ఉండదు, పాత షట్టర్లల్ల ఇది మామూలే. ఎర్త్ లేకుంటే చార్జర్ నుంచి వచ్చే లీకేజ్ ల్యాప్‌టాప్ బాడీ మీదికొస్తది, మెటల్ బాడీ అయితే చెయ్యి పెడితే జిల్లుమంటది, వేలి కెపాసిటెన్స్ చదివే టచ్‌ప్యాడ్‌కు అది గోలే. మా షాపుల ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్త్ వైర్ వేయించినం, ఎండకాలం ఎర్త్ గుంతల నీళ్లు పోస్తం, ఉప్పు బొగ్గు కూడా వేసినం. ఏప్రిల్, మే నెలల్ల వేళ్లకు చెమట పట్టినా పాయింటర్ తడబడ్తది, దానికి పొడి బట్టే మందు.

నాకు నచ్చనిది స్క్రోల్ స్పీడ్. లిబ్‌ఇన్‌పుట్ సొంతంగ దానికి సెట్టింగ్ ఇయ్యదు, డెస్క్‌టాప్‌లే చూసుకోవాలంటది, కేడీఈ ప్లాస్మా అనే ఇంకో డెస్క్‌టాప్‌ల వేలాండ్ (స్క్రీన్ మీద విండోలు చూపే కొత్త పద్ధతి) మీద ఉంది, నా సినమన్‌ల దొరకలే. వంద పేజీల లింక్ డాక్యుమెంట్ల నడుమ పేరా వెతకాలంటే ఇది నిజంగ బాధ. ఆప్షన్లు కావాలని పాత సినాప్టిక్స్ డ్రైవర్ ఎక్కించుకునేటోళ్లున్నరు, నేనైతే వద్దంట, అది ఎక్స్11ల, అంటే వేలాండ్ కంటే ముందటి పాత పద్ధతిల తప్ప నడవదు, కొత్త పని దాని మీద జరుగుతలేదు, పైగా ఎక్కించంగనే లిబ్‌ఇన్‌పుట్‌ను పక్కకు నెట్టి అదే కూసుంటది, తర్వాత ఏది మార్చినా ఏ డ్రైవర్‌కు తగులుతుందో అర్థం కాదు.

క్విర్క్స్ ఫైల్ రాసే పద్ధతి ఎప్పటికీ ఇట్లనే ఉంటదని లిబ్‌ఇన్‌పుట్ వాళ్లు గ్యారంటీ ఇస్తలేరు. మింట్ పెద్ద వెర్షన్ మారినప్పుడు "లిబ్‌ఇన్‌పుట్ క్విర్క్స్ వ్యాలిడేట్" ఒకసారి కొట్టి, తప్పు ఏం చూపకపోతేనే డీడ్ టైపింగ్‌కు కూసోండి.