జెర్బిల్స్‌ని జత కలపడానికి అడ్డు: ఇంట్లో చేసుకునేవాటిలో ఏది మేలు?

జెర్బిల్ అంటే ఇళ్లలో పెంచుకునే ఎలుకలాంటి చిన్న జంతువు. ఎదిగిన రెండు జెర్బిల్స్ ముఖపరిచయం లేకుండా ఒకే తొట్టెలో పడితే నిమిషాల్లో రక్తాలు వచ్చేలా కరుచుకుంటాయి. ఒకదాని వాసన రెండోదానికి అలవాటయ్యేదాకా మధ్యలో అడ్డు ఉండాల్సిందే. అడ్డు ఏదైనా రెండే చూడాలి: వాసన దాటుతోందా, పళ్లు ఆగుతున్నాయా. బరంపురం, పర్లాకిమిడి వైపు చేపలకు వాడే రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు గాజు తొట్టెనే ఇక్కడ లెక్కలోకి తీసుకుందాం.

చూపుకి అందరికీ నచ్చేది అక్రిలిక్ షీటు. దానికి ఎన్ని బెజ్జాలు కొట్టినా వాసన సరిగా దాటదు. పైగా ప్రతి బెజ్జం అంచూ పళ్లకు పట్టు దొరికే చోటే. అక్కడ మొదలుపెట్టి కొరుకుతూ పోతాయి, ప్లాస్టిక్ ముక్కలు కడుపులోకీ పోతాయి. ఇది వద్దు.

చెక్క ఫ్రేముకి జాలీ కొట్టడం వడ్రంగానికి తేలిక, నిటారుగా నిలబడుతుంది కూడా. కానీ జెర్బిల్‌కి చెక్క అంటే కొరకడానికి దొరికిన వస్తువే. ఒక్క రాత్రిలో మూల తినేసి దారి చేసుకోగలదు. మన వానాకాలపు చెమ్మకి చెక్క ఉబ్బి గాజుకి బిగుసుకుంటుంది, బలంగా లాగితే గాజు పగలొచ్చు. చెక్క బయటికి కనబడకుండా రెండు వైపులా జాలీ చుట్టగలిగితేనే చేయండి.

రెండు పంజరాలు పక్కపక్కన పెట్టడం మొదటి రెండు మూడు రోజులకు సరిపోతుంది. మధ్యలో రెండు సెంటీమీటర్ల ఎడం వదలండి, లేకపోతే కాలివేళ్లు తెగుతాయి.

మా ఓటు మాత్రం ఫ్రేము లేకుండా వంచిన జాలీకే. హార్డ్‌వేర్ కొట్టులో రెండు సూత్‌ల, అంటే పావు అంగుళం గడి ఉన్న స్టీలు వెల్డ్ మెష్ అడగండి. అర అంగుళం గడి అయితే మూతి దూరుతుంది. కోళ్ల జాలీ పనికిరాదు, నైలాన్ దోమల జాలీ గంటలో చిరుగుతుంది. జీఐ జాలీ, అంటే జింకు పూత పూసిన ఇనప జాలీ, చవకే కానీ ఉచ్చ తగిలి తుప్పు పడుతుంది. పైగా ఆ జింకు పూతని కొరికి మింగడం వాటికి మంచిది కాదు.

తొట్టె లోపలి వెడల్పు పైన, మధ్యన, అడుగున మూడుచోట్లా కొలిచి పెద్ద కొలత తీసుకోండి. అది 29.5 సెం.మీ., మూతదాకా ఎత్తు 30 సెం.మీ. అనుకుంటే, 37.5 × 34 సెం.మీ. ముక్క రేకు కత్తెరతో కోయాలి. కింది రెండు మూలల్లో 4 × 4 సెం.మీ. చదరాలు తీసేయండి. ఇప్పుడు రెండు పక్కలా, అడుగునా 4 సెం.మీ. చొప్పున మడత వస్తుంది. రెండు చెక్కల మధ్య బిగించి, తీగ గీత వెంబడే వంచండి. పక్క మడతలు నిండు 90 డిగ్రీలు కాకుండా 80 దగ్గరే ఆపితే, తొట్టెలో దించినప్పుడు స్ప్రింగులా గాజుని తన్నిపట్టి కూర్చుంటాయి. తెగిన తీగ కొనలన్నీ ఆకురాయితో రాయాలి. చేతివేలు అంచు వెంబడి నడిపితే ఎక్కడా గీసుకోకూడదు.

అడుగు మడత గాజుకి ఆనాలి, పొట్టు మీద కాదు. దాని మీద నాపరాయి ముక్కో టైలో బరువు పెట్టి, ఆపైన పొట్టు మూడు సెంటీమీటర్లే పరవండి. పొట్టు మందంగా ఉంటే సొరంగం తవ్వి జాలీని పైకి లేపుతాయి. జాలీ పై అంచుకీ మూతకీ మధ్య చిటికెనవేలు దూరినా ఆ సందు మూసేయండి, ఎందుకంటే జాలీ ఎక్కడం వాటికి నిచ్చెన ఎక్కినంత సులువు. జాలీలోంచే మూతులు, వేళ్లు కరుచుకుంటుంటే రెండు సెంటీమీటర్ల ఎడంతో రెండో జాలీ దించండి.

రోజుకి రెండు మూడుసార్లు జెర్బిల్స్‌ని మాత్రమే అటూ ఇటూ మార్చండి, పొట్టూ గూడూ కదపొద్దు. కనీసం వారం, ఒక్కోసారి రెండు వారాలు పడుతుంది. రెండూ జాలీకి ఆనుకుని చెరోవైపు గూడు కట్టుకుని పడుకుంటుంటే, కడిగిన చిన్న తొట్టెలో, ఏ బొమ్మా లేకుండా, మందపాటి గ్లౌజు తొడుక్కుని కలపండి. తరుముకోవడం, మీద ఎక్కడం మామూలే. బంతిలా చుట్టుకుని దొర్లితే వెంటనే విడదీసి జాలీకి వెనక్కి పంపాలి. ఇలాగే పెంచుకునే మరో ఎలుకలాంటి జంతువు సిరియన్ హామ్‌స్టర్‌కి ఇదేదీ వర్తించదు, దానికి జతే వద్దు.