మారిషస్‌లో పూర్వీకుల రికార్డు తీసిస్తామనే టూర్ ప్యాకేజీలతో జాగ్రత్త

కాకినాడ, కోరంగి వైపు వాళ్లెవరైనా పూర్వీకుల ఆచూకీ కోసం మారిషస్ వెళ్లాలనుకుంటుంటే, డబ్బు కట్టే ముందు ఇది చదవండి.

మా నాన్నగారి ముత్తాతకు బాబాయి ఒకాయన కోరంగి రేవులో ఓడెక్కి, చెరకు తోటల్లో పనికి మారిషస్ వెళ్లిపోయాడని మా ఇంట్లో చెప్పుకుంటారు. 1839 తుఫాను కోరంగిని ముంచేసిన మూడు నాలుగేళ్లకట. నాన్నగారికి ఇప్పుడు 76. ఆయన కోసమే ఒక ట్రావెల్స్ వాళ్ల ప్యాకేజీ తీసుకున్నాను. మనిషికి లక్షా అరవై వేలు. రికార్డు వెతికిపెట్టినందుకు విడిగా పాతిక వేలు.

మొదట పోర్ట్ లూయిస్‌లో ఆప్రవాసీ ఘాట్‌కి తీసుకెళ్లారు. ఓడల్లో వచ్చిన కూలీలను దించిన డిపో అది, ఇప్పుడు యునెస్కో వారసత్వ స్థలం. అక్కడి పదహారు మెట్లు చూపించి "మీ పెద్దాయన ఇవే ఎక్కాడు" అన్నాడు గైడు. నాన్నగారు వంగి మెట్టుకు దండం పెట్టుకున్నారు. ఆ డిపో మొదలైంది 1849లో అని నాకు ఆ రాత్రి గదిలో చదువుతుంటే తెలిసింది. మా పెద్దాయన అంతకు ముందే వెళ్లాడు కదా!

మర్నాడు లామినేషన్ చేసిన కాగితం ఒకటి చేతిలో పెట్టారు. దాని మీద పేరు, ఊరు, ఒక ఫొటో ఉన్నాయి. నాన్నగారు ఆ ముఖంలో వాళ్ల నాన్న పోలికలు వెతుక్కుంటూ చాలాసేపు కూర్చున్నారు. కానీ వలస కూలీలకు ఫొటోలు తీయడం మొదలైందే 1860లలో. మావాడు దిగినప్పుడు తీసింది కాదు, ఆ ఫొటో మావాడిదే అనడానికి ఆధారమూ లేదు. ఈ మాట ఆయనకు చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది.

అసలు రికార్డులు మోకా అనే ఊళ్లోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉంటాయి. వీళ్లు మమ్మల్ని అక్కడికి శనివారం తీసుకెళ్లారు. ఆఫీసు మూసి ఉంది. సోమవారం మేమే టాక్సీలో వెళ్లాం. అప్పట్లో ఓడలో వచ్చిన ప్రతి కూలీకీ ఒక నంబరు ఇచ్చారు, వెతకాలంటే ఆ నంబరే ఆధారం. అది లేకపోతే కనీసం ఓడ పేరు, వచ్చిన సంవత్సరం, తండ్రి పేరు కావాలి. మన ఇంటిపేరు పట్టుకుని వెళ్తే లాభం లేదు. అప్పడు లాంటి మనిషి పేర్లే అక్కడ ఇంటిపేర్లయిపోయాయి. మాకిచ్చిన కాగితం మీద నంబరే లేదు.

ప్యాకేజీలో చూపిస్తామన్న సముద్రతీర పల్లెల సంగతీ అంతే. మహెబూర్‌లో జాలరుల ఇళ్ల మధ్య రెండు రాత్రులు అన్నారు, ఉంచింది ఉత్తరాన గ్రాండ్ బే హోటల్లో. లె మోర్న్ కొండ దగ్గర ఇరవై నిమిషాలు ఆపారు. పారిపోయిన బానిసలు తలదాచుకున్న కొండ అది, సగం రోజైనా ఉండాల్సిన చోటు.

డబ్బు వెనక్కి అడిగితే "వెతికిన శ్రమకి తీసుకున్నాం" అంటున్నారు. వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేస్తున్నాను.

మీలో ఎవరికైనా ఇలాంటి కాగితం ఇచ్చి ఉంటే, ఫొటో మాకూ పంపండి. తలపాగా, ఎడమ కనుబొమ మీద మచ్చ ఉన్న మనిషి. అదే ముఖాన్ని ఇంకెవరి తాతగా చూపించారో నాకు తెలియాలి.